జలశుద్ధి యంత్రములును లైసెన్సులును

ఇంటికి విద్యుద్దీపములు పెట్టించుకొనదలచిన గృహస్థు తీగలు లాగుటకు తోచినవానిని పిలుచుటకు వీలులేదు. లైసెన్సు గల కంట్రాక్టరు ఆ పని నొప్పుకొనవలెను. యోగ్యతాపత్రము గల సూపర్వైజరు దగ్గరనుండి చూచుకొనవలెను. పర్మిటు గల వైరుమాను చేయిపెట్టవలెను. 1956 నాటి విద్యుత్ నియమములలో ఈ నిబంధన కలదు. వాని స్థానమున తరువాత వచ్చిన నియమములును దీనిని విడువలేదు. మిల్లులో బాయిలరు గొట్టముల నతుకు వెల్డరు పరీక్షకు నిలిచి నెగ్గవలెను. మందులంగడిలో మాత్రలు కట్టియిచ్చువాడు 1948 ఫార్మసీ చట్టము ననుసరించి రిజిష్టరయినవాడుగా నుండవలెను. తుదకు వీధిమూలను ఇడ్లీలు వేసి యమ్ముకొను పేదరాలికి గూడ ఆహారశాఖవారి రిజిస్ట్రేషను కాగితము కావలెను. కాని వేయిగడపల గ్రామమునకు త్రాగునీటి యంత్రమును బిగించి, మీట నొక్కి, "ఇక పట్టుకొనుడు" అని చెప్పి బండియెక్కిపోవు మెకానిక్కునకు ఇట్టి పరీక్ష యేదియు లేదు. చూపవలసిన కాగితము లేదు. రేపు చెడిన నడుగుటకు చిరునామాయైనను ఉండునో యుండదో.

ఈ లోపమును మన రెండు తెలుగు రాష్ట్రముల శాసనసభలును పూరింపవలెనని మేము కోరుచున్నాము. జలశుద్ధి యంత్రములను బిగించువారికిని, వానిని బాగుచేయువారికిని పరీక్షయు లైసెన్సును ఉండవలెను.

లైసెన్సను మాట వినినంతనే మన పాఠకులలో పెక్కండ్రకు ఒడలు మండునని మే మెరుగని విషయము కాదు. ఉప్పు వండుటకు లైసెన్సు, అడవిలో పసులను మేపుటకు పర్మిటు కావలసిన పరప్రభుత్వపు దినములను మన పెద్దలు చూచిరి. 1921లో పలనాటి రైతులును, 1930లో సముద్రతీరమున ఉప్పు వండినవారును ఆ కాగితములను ధిక్కరించియే చెరసాలలకు నడచిరి. స్వరాజ్యము వచ్చిన పిదపను 1991 వరకు పర్మిట్ల పాలన మనలను వేధించినది. కచ్చేరీ చుట్టును పదిమారులు తిరిగి, గుమాస్తా చేయి తడిపి తెచ్చుకొనిన కాగితము వలన ఎవరికి మేలు కలిగినదని యడుగువారికి మేమును సమాధానము చెప్పలేము. కాని ఉప్పుమీది లైసెన్సు ప్రజలనుండి రొక్కము పిండుటకు పుట్టినది. వైరుమాను పర్మిటు కొంపలు కాలకుండుటకు పుట్టినది. ఈ రెంటిని ఒక్క గాటను కట్టరాదు. మేము కోరునది రెండవ జాతికి చెందినది. అది మొదటి జాతిలో కలిసిపోకుండ ఎట్లు కాపాడవలెనో గూడ ఈ వ్యాసముననే చెప్పెదము.

మన నేలలో నీటి భయము నిన్న మొన్న పుట్టినది కాదు. 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో జనుల పండ్లు గారకట్టుటయు, ఎముకలు బిగిసి వెన్ను వంగుటయు చూచి, దీనికి నీటిలోని ఫ్లోరైడు కారణమని షార్టు మొదలగు వైద్యులు ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధిని గూర్చిన తొలి వైద్యనివేదిక యదియే. ఆ పిమ్మట నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతముల దుస్థితి దేశమెల్ల నెరిగినది. నడివయసున కర్ర పట్టుకొని నడచువారిని, నిలువలేని బిడ్డలను ఒడిలో పెట్టుకొని పెంచిన తల్లులను ఆ జిల్లాలో చూచినవారు నీటిని గూర్చి తేలికగా మాటలాడలేరు. కృష్ణా గోదావరుల నీటిని ఇంటింటికి తెచ్చుటకు 2016లో తెలంగాణమున మిషన్ భగీరథ ప్రారంభమైనది. ఆంధ్రప్రదేశమున 2014 అక్టోబరు 2వ తేదీని రెండు రూపాయలకు ఇరువది లీటర్ల నీరిచ్చు సుజల పథకము మొదలైనది. ఇవి గాక, పరదేశములలో సంపాదించిన కుమారుడు తండ్రిపేర, ఊరి మోతుబరి తల్లిపేర, సహకార సంఘము తనపేర పెట్టించిన ఆర్.ఓ. ప్లాంటులు మన జిల్లాలలో లెక్కకు మిక్కిలి. దాతల ఔదార్యమును మేము శంకింపము. ఫ్లోరైడు నీటిని త్రాగు ఊరికి ఆ యంత్రము వరమే.

కాని భయమున్నచోట బేరముండును. వ్యాధికి జడిసిన ఊరివారు ఏది చెప్పినను నమ్ముదురు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి కాపురములను కూల్చుచున్నది. దానికి మూలకారణమేదో వైద్యశాస్త్రము ఇంకను నిర్ధారింపలేదు. అట్టిచోట "మా యంత్రము ఆ రోగమును రానీయదు" అని చెప్పువాడు తన కెరుక లేని సంగతిని ధరకు అమ్ముచున్నాడు.

ఈ బేరములో ఒక కనికట్టును గూర్చి మన పాఠకులకు ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. అమ్మకపువాడు ఇంటికి వచ్చి రెండు గాజు గ్లాసులను బల్లమీద పెట్టును. ఒకదానిలో మన కుళాయి నీరు, రెండవదానిలో అతని యంత్రపు నీరు. రెంటిలోను ఇనుప, అల్యూమినియము కడ్డీలు గల చిన్న పరికరమును ముంచి విద్యుత్తు పారించును. నిమిషములో మన నీరు బురదవలె, తుప్పువలె మారి మడ్డి తేలును. అతని నీరు తేటగనే నిలుచును. "అమ్మా, మీ పిల్లలు దినమును త్రాగుచున్నది ఈ మురికి" అనును. ఇల్లాలు గుండె గుభిల్లుమనును. ఆ మడ్డి నీటిలోనిది కాదు. విద్యుత్తువలన కరిగిన కడ్డీలది. లవణములున్న నీటిలో విద్యుత్తు పారును గాన కడ్డీలు కరగును. లవణములు తీసివేసిన నీటిలో పారదు గాన కరగవు. నమ్మనివారు అతని తేట గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేయించి, మరల ఆ కడ్డీలను ముంచుమని యడుగవచ్చును. అప్పు డతని నీరును మన నీటివలెనే మడ్డికట్టును. ఇది పాఠశాల ప్రయోగము. దీనితో గృహస్థుల చేత వేలకొలది రూపాయలు పెట్టించుచున్నారు.

రెండవ సాధనము జేబులోని టి.డి.ఎస్. మీటరు. నీటిలో ఎన్ని లవణములు కరిగియున్నవో విద్యుత్ ప్రవాహమును బట్టి సుమారుగ చెప్పునది. దాని పని అంతటితో సరి. నీటిలో కలరా క్రిమి యున్నదో లేదో ఆ మీటరు చెప్పదు. పురుగుమందు కలిసినదో లేదో చెప్పదు. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణములు గల నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రామున్నను, నాలుగున్నను ఆ అంకెలో తేడా తెలియనంత స్వల్పము. మొదటిది నిరపాయము, రెండవది ఎముకల వంచును. ఈ మీటరునే వైద్యుని నాడివలె పట్టుకొని, "మీ నీరు మూడువందలు చూపుచున్నది, యంత్రము తప్పదు" అని తీర్పు చెప్పువారున్నారు. భారత ప్రమాణముల సంస్థవారు త్రాగునీటికి నిర్ణయించిన ఐ.ఎస్. 10500 (2012) ప్రకారము కరిగిన లవణములు 500 మిల్లీగ్రాముల వరకు అంగీకార్యము. వేరు నీరు దొరకనిచోట 2000 వరకు సహింపదగినవి. ఫ్లోరైడుకు ఆ హద్దులు 1.0, 1.5, నైట్రేటుకు 45. మూడువందలు చూపు కృష్ణానీటికి ఆర్.ఓ. యంత్రమును బిగించినవాడు ఆ గృహస్థుచేత ఒక లీటరు త్రాగించి రెండు మూడు లీటర్లను మోరీపాలు చేయించుటయే గాక, ఎముకలకు కావలసిన కాల్షియమును మెగ్నీషియమును గూడ తీసివేయించుచున్నాడు. అతడు బిగింపవలసినది క్రిములను చంపు సామాన్యపు సాధనము మాత్రమే.

కొంతకాలము క్రిందట మే మొక గ్రామమున ప్లాంటు బిగింపును దగ్గర నిలిచి చూచితిమి. ఇరువది రెండేండ్ల కుర్రవాడు, నేర్పరి. గొట్టములను అతుకుటలో, మోటారును కూర్చుటలో అతని చేయి తడబడలేదు. "బాబూ, ఈ బోరునీటిలో ఫ్లోరైడెంత?" అని యడిగితిమి. "అయ్యా, అది మాకు చెప్పరండి. పెద్ద సైజా, చిన్న సైజా అని చెప్పి పంపెదరు" అనెను. "వేస్టు నీరెచ్చటికి పోవును?" అనిన, ప్లాంటు వెనుక గుంటను చూపెను. ఆ గుంటకును బోరుకును నడుమ ఇరువది అడుగుల దూరము లేదు. ఆ కుర్రవానిని మేము నిందింపము. అతనికెవ్వరును నేర్పలేదు, నేర్చుకొనుమని ఏ చట్టమును శాసింపలేదు.

ఆ గుంట సంగతి కొంచెము లెక్కవేసి చూతము. బోరునీటిలో లీటరుకు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడున్నదనుకొందము. వేయి లీటర్లను యంత్రములోనికి పంపిన మూడు గ్రాముల ఫ్లోరైడు పోయినట్లు. యంత్రము సగమును మంచినీరుగ నిచ్చి, అందు లీటరుకు 0.3 మిల్లీగ్రాము మాత్రమే మిగిల్చిన, ఆ అయిదువందల లీటర్లలో చేరినది 150 మిల్లీగ్రాములు. మిగిలిన 2850 మిల్లీగ్రాములును వేస్టు నీటి అయిదువందల లీటర్లలో నున్నవి. అనగా లీటరుకు 5.7. యంత్రము విషమును చంపలేదు. ఒక చోటినుండి తీసి రెండవచోట చిక్కగ చేర్చినది. ఆ చిక్కని నీరు ఇరువది అడుగుల దూరమున నేలలోనికి ఇంకి, మరల ఆ బోరునకే చేరవచ్చును. ప్రక్క రైతు బావికి చేరవచ్చును. ఊరికి చేసిన ఉపకారము ఊరి భూగర్భజలమునకు అపకారముగ మారుట యిట్లు. ఈ లెక్క చాల స్వల్పమైనది. ప్లాంటు బిగించు ప్రతివానికి ఇది రావలెను, రానివాడు బిగింపరాదు.

అతడు తెలిసికొనవలసినవి మరికొన్ని గలవు. ఆర్.ఓ. పొరకు క్లోరిను శత్రువు. కావున ముందుగ బొగ్గు ఫిల్టరుతో క్లోరినును తీసివేయుదురు. తత్ఫలితముగ బయటికి వచ్చు నీటికి క్రిముల నెదిరించు రక్షణ యేమియు నుండదు. ఆ నీటిని తొట్టిలో రెండు దినములు నిలువయుంచి, కడుగని క్యానులలో పట్టి, ఎండలో ఆటోమీద త్రిప్పిన, మొదటి బోరునీటికన్న హీనమగుటకు ఆశ్చర్యములేదు. క్రిములను చంపు యు.వి. దీపమునకు శక్తి సుమారొక యేడాది. ఆ తరువాతను అది నీలముగ వెలుగుచునే యుండును గాని చంపదు. వెలుగును చూచి గృహస్థు మోసపోవును. కల్మషముగల నీటిలో క్రొత్త దీపముకూడ పనిచేయదు, మురికి క్రిమికి నీడయగును. యంత్రపు వేస్టు గొట్టమును మోరీలోనికి నేరుగ ముంచి బిగించిన, పీడనము తగ్గినవేళ మోరీనీరు వెనుకకు పీల్చబడు ప్రమాదము కలదు. నడుమ గాలికి చోటు విడువవలెను. ఇది జానెడు ఖాళీ మాత్రమే. దానిని విడుచుటకు ఖర్చులేదు, తెలియుట కావలెను.

యంత్రముకన్న చేయి ముఖ్యమనుటకు మనకు స్వదేశపు నిదర్శనమే యున్నది. 1970 తరువాతి దశకమున నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ, అనగా నీరీవారు, ఫ్లోరైడును తొలగించుటకు ఒక పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, కలియబెట్టి, తేరుకొననిచ్చి వడగట్టుటయే ఆ పద్ధతి. విద్యుత్తు అక్కరలేదు, పరదేశపు పొర అక్కరలేదు, బానలో చేసికొనవచ్చును. ప్రపంచము మన జిల్లా పేరుతో దీనిని పాఠ్యగ్రంథములలో చదువుచున్నది. ఐనను ఇందలి కీలకము పాళ్లలో నున్నది. నీటిలో ఫ్లోరైడెంతయో, క్షారమెంతయో చూచి పటిక వేయవలెను. తక్కువైన ఫ్లోరైడు పోదు. ఎక్కువైన అల్యూమినియము నీటిలో మిగులును. అంత చౌకయైన పద్ధతి అంత విరివిగ నిలువకపోవుటకు కారణములు పెక్కులుండవచ్చును గాని, దినదినము పాళ్లు చూచి వేయగల శిక్షితుడైన మనిషిని ఊరూర నిలుపుట ఎంత కష్టమో దానిని నడిపిన వారందరెరుగుదురు.

చట్టము ఇంతవరకు ఏమి చేసినది? యంత్రము వెంట పడినది. ఇండ్లలోని ఆర్.ఓ. యంత్రములకు ఐ.ఎస్. 16240 అను ప్రమాణము కలదు. 2019 మే నెలలో జాతీయ హరిత న్యాయస్థానమువారు, లవణములు 500 మిల్లీగ్రాములకు లోబడిన నీటికి ఆర్.ఓ. వాడుకను నిషేధింపవలెననియు, వాడుచోట కనీసము నూటికి అరువది పాళ్లు మంచినీరు రాబట్టవలెననియు కేంద్రప్రభుత్వము నాదేశించిరి. నాలుగేండ్ల తర్జనభర్జనల పిమ్మట 2023 నవంబరులో కేంద్ర పర్యావరణశాఖ నియమములను ప్రకటించినది. సీలువేసిన సీసా నీటికి ప్రమాణసంస్థ ముద్ర తప్పనిసరి యను నిబంధనను 2024 అక్టోబరులో ఎత్తివేసి, నవంబరులో ఆ నీటిని అపాయము హెచ్చుగ గల ఆహారముల తెగలో చేర్చి తనిఖీలకు లోబరచిరి. ఈ మార్పుల మంచిచెడ్డల విచారణ వేరు. ఇందు మేము చూచున దొక్కటే: పెట్టెకు ముద్ర వేయుటను గూర్చి ఇంత చర్చ జరిగినది, పెట్టెను గోడకు కొట్టు మనిషిని గూర్చి ఇట్టి చర్చ జరుగలేదు. ఉత్తమమైన యంత్రమును తప్పు నీటికి బిగించిన, ముద్ర యేమి చేయగలదు? నైపుణ్య శిక్షణ కోర్సులలో ఈ పనియు చేరినది, సంతోషమే; కాని అవి ఇచ్ఛకు విడువబడినవి. నేర్చినవానికిని నేర్వనివానికిని బజారులో ఒకే కూలి దొరకుచుండగా నేర్చుటకు కూర్చుండువాడెవ్వడు?

ఇది మేము క్రొత్తగ కనిపెట్టిన వింత కాదు. మన తెలుగువారు వేలకొలది కాపురములుండు టెక్ససు రాష్ట్రమున, ఇంటికి గాని ఫ్యాక్టరీకి గాని జలశుద్ధి సాధనమును బిగించు వృత్తిగలవాడు ఆ రాష్ట్రపు పర్యావరణ సంఘమువారి లైసెన్సు పొందవలెను. అందు మూడు తరగతులు గలవు, పరీక్షలు గలవు, లైసెన్సును తిరిగి తీసికొనుటకు మధ్యమధ్య విద్యను కొనసాగింపవలెను. కాలిఫోర్నియాలో ఈ పనికి సి-55 అను ప్రత్యేకపు కంట్రాక్టరు తరగతియే యున్నది. నాలుగేండ్ల అనుభవము చూపి, వృత్తిలోను చట్టములోను పరీక్షలు నెగ్గి, ఇరువది అయిదువేల డాలర్ల పూచీపత్రము దాఖలుచేయవలెను. నీటిలో లేని దోషమును ఉన్నదని బెదరించి యంత్రము నమ్ముట అక్కడ చట్టవిరుద్ధము. డాలసులోని మన పిల్లవాడు తన యింట లైసెన్సు చూపినవానిచేత యంత్రమును పెట్టించుకొని, స్వగ్రామమునకు తాను దానము చేసిన ప్లాంటును ఎవ్వడు బిగించెనో ఎరుగకుండుట విచిత్రముగ లేదా? ఐనను ఆ దేశపు చట్టమును యథాతథముగ దిగుమతి చేసికొమ్మని మేము చెప్పుటలేదు. అంతటి పూచీపత్రమును మన కుర్రవాడు తేలేడు. తేగలిగినది పెద్ద కంపెనీ మాత్రమే. అప్పుడు లైసెన్సు ఆ కంపెనీకి కంచెయై, చేతిపని గల పేదవాడు కంచె బయట నిలుచును.

మనకు తగినదెట్లుండవలెను? ప్రజారోగ్యమును నీరును రాజ్యాంగపు రాష్ట్రపట్టికలోనివి. ఢిల్లీవైపు చూడ నక్కరలేదు. ఇంటి యంత్రములకు ఒక తరగతి, ఊరి ప్లాంటులకు మరియొక తరగతి చాలును. పరీక్ష తెలుగున జరుగవలెను, డిగ్రీ నడుగరాదు, ప్రతి జిల్లాలోను గల ఐ.టి.ఐ.లలోనే చేతిపనిని చూచి, నీటిపరీక్ష చేయించి, పైని చెప్పిన వేస్టునీటి లెక్కవంటిది నాలుగు వేయించి నిర్ణయింపవలెను. ఫీజు ఒకనాటి కూలికి మించరాదు. నేడు ఈ పనిలో నున్నవారిని ఒక్క దినమున బజారుపాలు చేయరాదు. రెండేండ్ల గడువిచ్చి, ఆలోపల పని చేసికొనుచునే పరీక్షకు రానీయవలెను. ఇంటిలోని ఫిల్టరు గుళికను తానే మార్చుకొను గృహస్థును, బిందెలో పటిక త్రిప్పుకొను ముసలమ్మను ఈ చట్టము ముట్టరాదు. కంపెనీవారు తమ మెకానిక్కులకు తామే యిచ్చుకొను సర్టిఫికెట్లను లైసెన్సుగ నంగీకరింపరాదు. అట్లయిన ఆ కంపెనీ సరకే బిగింపబడును, ఆ కంపెనీ పొరయే మూడింతల వెలకు కొనబడును.

కచ్చేరి గుమాస్తా సంగతియు మరువలేదు. నిర్ణీత దినములలో తేల్చని దరఖాస్తు మంజూరైనట్లే భావింపబడునను పద్ధతి కొన్ని అనుమతులలో కలదు. దానిని మేమిక్కడ కోరము. పరీక్ష నెగ్గనివానికి గుమాస్తా నిద్రవలన లైసెన్సు రారాదు. అంతకు బదులుగ పరీక్షాఫలితమును ఆ దినమే తలుపుమీద అంటింపవలెను. నెగ్గినవారి పట్టిక ప్రతి పంచాయతీలోను ఎల్లరు చూచునట్లుండవలెను. ఫిర్యాదు వచ్చిన సంజాయిషీ వినకుండ లైసెన్సు రద్దుచేయరాదు. విని రద్దుచేసిన, ఆ సంగతిని పట్టికలోనే వ్రాయవలెను.

లైసెన్సు పొందినవానికి విధులు స్పష్టముగ నుండవలెను. బిగించుటకు ముందు నీటిని ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్షింపజేసి ఆ కాగితమును యజమానికీయవలెను. జలజీవన్ పథకముక్రింద ప్రయోగశాలలు స్వల్పరుసుమునకు సామాన్యులకును తెరువబడినవి. గ్రామమునకు అయిదుగురు చొప్పున స్త్రీలకు చిన్న పరీక్షాపెట్టెలను వాడుట నేర్పవలెనని ఆ పథకము నిర్ణయించినది. కావున సాధనములు లేవను సాకు చెల్లదు. పరీక్షలో యంత్రమక్కరలేదని తేలిన, అక్కరలేదని వ్రాసి సంతకము పెట్టవలెను. బిగించిన వారములోపల మరల పరీక్ష చేయింపవలెను. వేస్టునీరు ఎచ్చటికి పోవునో ముందుగనే కాగితముమీద చూపవలెను. యంత్రముమీద తన లైసెన్సు సంఖ్య, బిగించిన తేదీ, పొరయు దీపమును మార్చవలసిన తేదీ చెక్కవలెను.

ఇంత చేసినను క్యాను కడుగని వర్తకునకు బుద్ధిరాదు, ఏడాదికొకమారైనను ప్లాంటు తలుపు తీసిచూడని పంచాయతీకి బాధ్యత తెలియదు. లైసెన్సు సర్వరోగనివారిణి యని మేము నమ్ముటలేదు. అజ్ఞానముచే జరుగు కీడును అది తగ్గించును. కక్కుర్తిచే జరుగుదానికి తనిఖీ వేరుగ కావలెను.

చట్టము వచ్చువరకు చేతులు ముడిచి కూర్చుండ నవసరములేదు. పంచాయతీలు ప్లాంటులను కంట్రాక్టుకిచ్చునపుడు ఒడంబడికలో మూడు షరతులను నేడే చేర్చవచ్చును: బిగింపుకు ముందును పిదపను నీటిపరీక్ష, వేస్టునీటి దారి, మరమ్మతు చేయువాని పేరు. దాతలును ప్లాంటు వెలతోపాటు అయిదేండ్ల పరీక్షల ఖర్చును వేరుగ నిలువచేసి యిచ్చుట మేలు. గోడమీద దాత పేరు చెక్కిన రాతిప్రక్కనే ఒక నల్లబల్ల కట్టించి, ఆ నెల నీటిలో ఫ్లోరైడెంత, క్రిములున్నవా, ఏ దినమున పరీక్షించిరి, ఎవ్వరు బాగుచేసిరి అను సంగతులను సుద్దతో వ్రాయించిన, బిందె పట్టుకొని వచ్చు ప్రతి యిల్లాలును చదువుకొనును. చదువురానివారు ప్రక్కవారి నడుగుదురు.